కోత ఫ్యోదొరోవ్‌ది, మానడం కంటిది
సోవియట్ నేత్ర వైద్యుడి జీవితం లేజర్ యుగానికి నేర్పిన పాఠం

లేజర్ చికిత్సతో కళ్లజోడు వదిలించుకున్న వారిలో స్వ్యతొస్లావ్ ఫ్యోదొరోవ్ పేరు విన్నవారు తక్కువే. అయినా, హ్రస్వదృష్టి అంటే జీవితాంతం అద్దాలతో సర్దుకోవలసిన లోపం కాదని, శస్త్రచికిత్సతో దానిని సరిదిద్దవచ్చని ప్రపంచాన్ని నమ్మించిన వారిలో ఈ సోవియట్ వైద్యుడు ముందు వరుసలో ఉంటారు. ఆయన చేతిలో ఉన్నది లేజర్ కిరణం కాదు, సన్నని కత్తి. దానితో కార్నియాపై చక్రం ఆకుల్లా కోతలు పెట్టారు. ఆ కోతలు మానిన తీరు, అనేక కళ్లలో ఏళ్ల తరబడి పూర్తిగా మానని తీరు తర్వాతి తరం వైద్యులకు పాఠమయ్యాయి. శస్త్రచికిత్స నిమిషాల్లో ముగుస్తుంది. చూపు ఎలా ఉండబోతుందో తేల్చేది మాత్రం ఆ తర్వాత నెలల పాటు, ఏళ్ల పాటు సాగే గాయం మానే ప్రక్రియ. వేగాన్ని ప్రేమించిన ఫ్యోదొరోవ్ జీవితమంతా ఈ నిదానపు ప్రక్రియతోనే ముడిపడి ఉంది.

విమానానికి దూరమైన కుర్రాడు

ఫ్యోదొరోవ్ 1927 ఆగస్టు 8న ఉక్రెయిన్‌లోని ప్రొస్కురోవ్ పట్టణంలో జన్మించారు. ఆ పట్టణాన్ని ఇప్పుడు ఖ్మెల్నిత్‌స్కీ అంటున్నారు. తండ్రి ఎర్ర సైన్యంలో ఉన్నతాధికారి. స్టాలిన్ కాలపు నిర్బంధకాండలో 1938లో ఆయనను అరెస్టు చేసి 17 ఏళ్ల శిక్ష విధించారు. ప్రజాశత్రువు కొడుకు అన్న ముద్ర పదకొండేళ్ల బాలుడిపై పడింది.

యుద్ధకాలంలో పెరిగిన ఆ కుర్రాడు పైలట్ కావాలనుకుని రొస్తోవ్‌లోని వైమానిక దళ ప్రత్యేక పాఠశాలలో చేరాడు. 1945లో ట్రామ్ కింద పడిన ప్రమాదంలో ఎడమ పాదం పోయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. పైలట్ కల అక్కడితో ముగిసింది. కృత్రిమ పాదంతోనే నడక నేర్చి, ఈతలో పట్టు సాధించి, రొస్తోవ్ వైద్య కళాశాలలో చేరిన ఫ్యోదొరోవ్ 1952లో పట్టభద్రులయ్యారు. కొంతకాలం డాన్ నది తీరంలోని వెషెన్‌స్కాయాలోనూ, తర్వాత ఉరల్ ప్రాంతంలోని లీస్వాలోనూ కంటి వైద్యుడిగా పనిచేశారు. తెగిన అవయవం స్థానంలో మనిషి చేసిన వస్తువును అమర్చుకుని బతకవచ్చని సొంత శరీరమే ఆయనకు నేర్పింది. ఆయన తొలి పెద్ద ప్రయోగం కూడా అలాంటిదే కావడం గమనార్హం.

చెబోక్సరీలో కృత్రిమ కటకం

శుక్లం తీసిన కంటిలో కృత్రిమ కటకం అమర్చవచ్చని లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ 1949లో నిరూపించారు. యుద్ధంలో విమానాల అద్దాలు పగిలి ఆక్రిలిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా, కన్ను వాటిని శత్రువుగా భావించి వాచిపోకపోవడాన్ని గమనించడమే ఆ ఆలోచనకు మూలం. దశాబ్దం తర్వాత ఫ్యోదొరోవ్ దానిని అందుకున్నారు. వోల్గా తీరాన చెబోక్సరీ నగరంలోని నేత్ర పరిశోధన సంస్థ శాఖలో పనిచేస్తూ 1960లో ఒక బాలిక కంటిలో కృత్రిమ కటకం అమర్చారు. సోవియట్ యూనియన్‌లో అలాంటి శస్త్రచికిత్స అదే మొదటిది.

మెచ్చుకోలుకు బదులు ఉద్వాసన ఎదురైంది. ఇది శాస్త్రీయం కాదని పైఅధికారులు తేల్చి ఆయనను కొలువు నుంచి తొలగించారు. ఇజ్వెస్తియా పత్రిక విలేకరి అనతోలీ అగ్రనోవ్‌స్కీ ఆ అన్యాయాన్ని బయటపెట్టిన తర్వాతే తిరిగి ఉద్యోగం దక్కింది. ఆపై 1961 నుంచి 1967 వరకు ఉత్తరాన అర్ఖంగెల్‌స్క్ వైద్య కళాశాలలో నేత్ర విభాగానికి అధిపతిగా ఉండి, అక్కడి నుంచి మాస్కో చేరుకున్నారు. సహచరుడు జఖారోవ్‌తో కలిసి రూపొందించిన స్పుత్నిక్ కటకం విదేశీ వైద్యుల చేతుల్లోకీ వెళ్లింది.

ఈ అనుభవం ఆయన స్వభావాన్ని తీర్చిదిద్దింది. అనుమానించిన పెద్దలు తప్పని, సాహసించిన తానే ఒప్పని ఒకసారి రుజువైంది. తర్వాతి సందేహాలన్నిటినీ ఆయన ఆ కళ్లతోనే చూశారు. అది ఆయనకు బలమూ అయింది, బలహీనతా అయింది.

అర మిల్లీమీటరు పొర

నల్లగుడ్డుకు ముందు గాజుపలకలా కనిపించే పారదర్శక పొరే కార్నియా. మధ్యభాగంలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. కాంతిని రెటీనాపై కేంద్రీకరించే శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు దీనిదే. లోపలి కటకం వాటా మిగతా ఒక వంతు. అందుకే కార్నియా వంపు ఏ కొంచెం మారినా చూపు మారుతుంది.

పారదర్శకంగా ఉండడం కోసం ఈ పొర రక్తనాళాలను వదులుకుంది. ఆక్సిజన్‌ను నేరుగా గాలి నుంచి కన్నీటి ద్వారా గ్రహిస్తుంది. రక్తప్రసారం లేని చోట గాయం మానడం నిదానం. అన్ని పొరలూ ఒకేలా మానవు. పైనున్న పలుచని కణాల పొర గీసుకుపోయినా కొద్ది రోజుల్లో తిరిగి పరుచుకుంటుంది. మందంలో తొమ్మిది వంతులుండే మధ్యపొరలో కొల్లాజెన్ పోగులు చాపలా వరుసగా అల్లుకుని ఉంటాయి. అవి తెగితే అతుక్కోవడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. అతుకు పడిన చోట పాత అమరిక రాదు, మచ్చ మిగులుతుంది. అన్నిటికంటే లోపల ఒకే వరుసగా ఉన్న కణాలు కార్నియాలోని నీటిని నిరంతరం తోడి బయటకు పంపుతుంటాయి. మనిషిలో ఈ కణాలు చనిపోతే కొత్తవి పుట్టవు.

ఈ చివరి సంగతి తెలియకపోవడం వల్ల టోక్యోలో పెద్ద విషాదం జరిగింది. జుంటెండో వైద్య కళాశాలకు చెందిన సుటోము సాటో హ్రస్వదృష్టిని సరిచేయడానికి కార్నియాకు లోపలి వైపు నుంచి కూడా కోతలు పెట్టారు. వంపు తగ్గింది, చూపు మెరుగుపడింది. లోపలి కణాల విలువ అప్పటికి వైద్యశాస్త్రానికి తెలియదు. సాటో 1960లో మరణించారు. సంవత్సరాలు గడిచాక ఆయన చికిత్స చేసిన కళ్లలో అత్యధికం నీరుపట్టి, బొబ్బలెక్కి, మసకబారాయి. అప్పుడు తెగిన గాయం ఫలితం ఇరవై ఏళ్లకు బయటపడింది.

పగిలిన కళ్లజోడు

సాటో పొరపాటును ఫ్యోదొరోవ్ గ్రహించారు. 1970ల మధ్యలో సహచరుడు వలేరీ దూర్నెవ్‌తో కలిసి లోపలి పొర జోలికి పోకుండా పైనుంచి మాత్రమే కోసే పద్ధతిని రూపొందించారు. ఈ ఆలోచన ఎలా వచ్చిందన్న దానిపై నేత్ర వైద్యులు తరచూ చెప్పుకునే కథ ఒకటుంది. కొట్లాటలో కళ్లజోడు పగిలి ఒక బాలుడి కార్నియాకు గాట్లు పడ్డాయి. గాయం మానాక చూస్తే హ్రస్వదృష్టి చాలావరకు తగ్గిపోయింది. కథలో అతిశయోక్తి ఎంతున్నా, అందులోని సూత్రం నిజమే. ఆ బాలుడి చూపును మార్చింది గాజుపెంకు కాదు, గాయంతో బలహీనపడి కొత్త ఆకారంలో స్థిరపడిన కార్నియా.

రేడియల్ కెరటాటమీ పేరుతో ప్రసిద్ధమైన ఈ శస్త్రచికిత్సలో కంటిపాప ఎదురుగా మూడు నాలుగు మిల్లీమీటర్ల మధ్యభాగాన్ని ముట్టుకోరు. దాని అంచు నుంచి బయటికి, బండిచక్రం ఆకుల్లా కోతలు పెడతారు. కోత లోతు కార్నియా మందంలో తొంభై శాతం వరకు ఉంటుంది. అంచులు బలహీనపడి కంటి లోపలి ఒత్తిడికి కాస్త ఉబ్బుతాయి. దాంతో మధ్యభాగం చదునవుతుంది. హ్రస్వదృష్టి గల కంటిలో రెటీనాకు ముందే కలుస్తున్న కాంతి కిరణాలు వెనక్కి జరిగి సరైన చోట పడతాయి. తొలినాళ్లలో పదహారు, అంతకు మించి పెట్టిన కోతలు క్రమంగా ఎనిమిదికి, ఆపై నాలుగుకు తగ్గాయి.

సూత్రం సులువు, ఖర్చు తక్కువ. కట్టు విప్పిన మర్నాడే రోగి గోడమీది అక్షరాలు చదివేవాడు. ఈ దృశ్యం కంటే గొప్ప ప్రచారం ఏముంటుంది? విదేశీ వైద్యులు మాస్కోకు బారులు తీరారు. 1978లో లియో బోర్స్ ఈ పద్ధతిని అమెరికాకు తీసుకెళ్లారు. 1980లలో భారత్ సహా అనేక దేశాల్లో ఇది వ్యాపించింది.

కన్వేయర్ మీద కళ్లు

ఆ దశాబ్దంలో ఫ్యోదొరోవ్ సోవియట్ యూనియన్‌లోని అత్యంత ప్రసిద్ధ వైద్యుడయ్యారు. 1986లో గోర్బచేవ్ ప్రభుత్వం ఆయన సంస్థను పదకొండు నగరాల్లో శాఖలు గల కంటి మైక్రోసర్జరీ సముదాయంగా విస్తరించింది. మరుసటి ఏడాది సోషలిస్టు శ్రమ వీరుడు బిరుదు లభించింది. సిబ్బందికి జీతం బదులు సంస్థ ఆదాయంలో వాటా పంచే విధానాన్ని ఆయన ప్రవేశపెట్టారు. పీటర్ ది ఫస్ట్ అనే ఓడను తేలియాడే ఆసుపత్రిగా మార్చి విదేశీ రేవులకు పంపారు.

ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది మాత్రం శస్త్రచికిత్సల కన్వేయర్. రోగులు పడుకున్న బల్లలు వరుసగా కదులుతుంటాయి. ఒక వైద్యుడు కొలుస్తాడు, మరొకరు కోస్తారు, ఇంకొకరు సరిచూస్తారు. బల్లలు వలయాకారంలో తిరిగే ఏర్పాటుకు చామంతి పువ్వు అనే అర్థమిచ్చే రష్యన్ పేరు పెట్టుకున్నారు. మోటారు కర్మాగారపు పద్ధతి వైద్యానికి తగదని కొందరు ముఖం చిట్లించారు. పేదలకు పెద్ద సంఖ్యలో చూపు ఇవ్వాలంటే పనిని విభజించుకోక తప్పదన్నది ఆయన వాదం. అదే కాలంలో మదురైలో గోవిందప్ప వెంకటస్వామి నెలకొల్పిన అరవింద్ నేత్ర వైద్యశాల కూడా శుక్లాల చికిత్సలో పని విభజననే నమ్ముకుని విజయం సాధించింది.

అయితే కన్వేయర్‌కు ఒక పరిమితి ఉంది. కొలతను, కోతను, పరీక్షను అది వేగవంతం చేయగలదు. బల్ల దిగి వెళ్లిన రోగి కంటిలో గాయం మానే వేగాన్ని ఏ యంత్రమూ పెంచలేదు. ఒకే లోతున, ఒకే సంఖ్యలో కోతలు పెట్టినా ఇద్దరి కళ్లు ఒకేలా మానవు. వయసు, కణజాల స్వభావం, కంటి ఒత్తిడి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి.

పదేళ్ల తర్వాత తేలిన లెక్క

ఈ సందేహంతోనే అమెరికా నేత్ర వైద్య పెద్దలు 1980లో ఈ పద్ధతిని ప్రయోగదశలో ఉన్నదిగానే పరిగణించారు. జాతీయ నేత్ర సంస్థ నిధులతో, జార్జ్ వారింగ్ నాయకత్వంలో తొమ్మిది కేంద్రాల్లో సుదీర్ఘ పరిశీలన మొదలైంది. ఎనిమిది కోతలతో చికిత్స చేసిన కళ్లను పదేళ్ల పాటు గమనించి 1994లో ఫలితాలు ప్రకటించారు.

ఆ లెక్కలు ఫ్యోదొరోవ్‌ను సమర్థించాయి, ప్రశ్నించాయి కూడా. పదేళ్ల తర్వాత 85 శాతం కళ్లు అద్దాలు లేకుండా 20/40 లేదా అంతకంటే మెరుగైన చూపుతో ఉన్నాయి. 53 శాతం కళ్లు 20/20 గీతను అందుకున్నాయి. అదే సమయంలో 43 శాతం కళ్లలో పవర్ ఒక డయాప్టర్ లేదా అంతకంటే ఎక్కువగా దీర్ఘదృష్టి వైపు జరిగింది. అంటే కోతలు పెట్టిన కార్నియా ఆగిపోలేదు, ఏటా కొద్దికొద్దిగా చదునవుతూనే ఉంది. మర్నాడు కచ్చితంగా కనిపించిన కొలత పదేళ్లకు దాటిపోయింది. నలభై దాటి చత్వారం వచ్చే వయసులో ఈ జరుగుబాటు దగ్గరి చూపును ముందే దెబ్బతీసింది.

పూర్తిగా మానని కోతల ప్రభావం రోజులోనూ కనిపించేది. రాత్రి రెప్పలు మూసి ఉన్నప్పుడు కార్నియాకు గాలి తగ్గి కోతల దగ్గర కాస్త నీరు పడుతుంది. ఉదయం లేవగానే ఒకలా, సాయంత్రానికి మరోలా కనిపిస్తోందని ఎందరో చెప్పారు. రాత్రి దీపాల చుట్టూ కాంతి చుక్కల్లా చీలిపోయేది.

దీని పరాకాష్ఠ హిమాలయాల్లో బయటపడింది. 1996 మే నెలలో ఎవరెస్ట్ ఎక్కుతున్న అమెరికన్ వైద్యుడు బెక్ వెదర్స్‌కు శిఖరానికి దిగువన చూపు మసకబారింది. గతంలో ఆయనకు రేడియల్ కెరటాటమీ జరిగింది. పలుచని గాలిలో ఆక్సిజన్ చాలక కోతలున్న కార్నియా ఆకారం మారిపోయింది. ముందుకు వెళ్లలేక ఆగిపోయిన ఆయన మంచు తుపానులో చిక్కుకున్నారు. చనిపోయారనుకుని వదిలేసిన మనిషి లేచి శిబిరానికి నడిచి వచ్చారు. మంచుకాటుకు కుడిచేయి, ఎడమచేతి వేళ్లు, ముక్కు కోల్పోయారు. ఎత్తైన ప్రదేశాల్లో ఇలాంటి కళ్లు దీర్ఘదృష్టి వైపు జరుగుతాయని అమెరికా సైనిక వైద్యుల పరీక్షలు కూడా నిర్ధారించాయి.

లేజర్ వచ్చినా మారని సూత్రం

ఫ్యోదొరోవ్ కత్తి ఖ్యాతి శిఖరాన ఉండగానే దాని వారసుడు పుట్టాడు. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికాలో ఐబీఎం సంస్థలో పనిచేసిన రంగస్వామి శ్రీనివాసన్, సహచరులు శామ్యూల్ బ్లమ్, జేమ్స్ విన్‌తో కలిసి 1981లో ఎక్సైమర్ లేజర్ కణజాలాన్ని కాల్చకుండానే అత్యంత సూక్ష్మంగా తొలగించగలదని కనుగొన్నారు. 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి ఒక్కో తాకిడికి మైక్రాన్‌లో పావు వంతు మేర మాత్రమే చెక్కుతుంది. దీనిని కార్నియాపై వాడవచ్చని న్యూయార్క్ వైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్ 1983లో చూపించారు. అంచులను బలహీనపరచి మధ్యభాగం వంగేదాకా ఎదురుచూసే బదులు, మధ్యభాగాన్నే కావలసిన వంపులో చెక్కడం సాధ్యమైంది.

కచ్చితత్వం పెరిగింది కానీ మానే బాధ్యత కంటిదిగానే మిగిలింది. పీఆర్‌కే పద్ధతిలో పైపొర తొలగించి లేజర్ ప్రయోగిస్తారు. పైపొర తిరిగి పరుచుకోవడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. అది నునుపు తేలేదాకా, వారాల పాటు చూపు నిలకడగా ఉండదు. మధ్యపొరలోని కణాలు గాయానికి అతిగా స్పందిస్తే నెలల తర్వాత పలుచని మసక ఏర్పడుతుంది. పవర్ ఎక్కువగా ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దానిని పెంచుతాయి. చల్లద్దాలు పెట్టుకోమనడం, స్టెరాయిడ్ చుక్కలు క్రమం తప్పక వేయమనడం అందుకే.

లాసిక్ పద్ధతి ఈ ఇబ్బందిని చాలావరకు దాటింది. పైన పలుచని మూతను లేపి, లోపల చెక్కి, మూతను తిరిగి కప్పేస్తారు. మర్నాటికే చూపు తేటపడుతుంది. దానికి చెల్లించే మూల్యం వేరు. మూత అంచులు అతుక్కున్నా లోపలి భాగం ఎన్నేళ్లకూ పూర్వపు బలం పొందదు. తెగిన నరాలు తిరిగి పెరిగేదాకా కళ్లు పొడిబారతాయి. పొడిబారిన కంటిలో కన్నీటి పొర చెదిరి రోజంతా చూపు మారుతుంటుంది. పలుచని కార్నియా గలవారికి చేస్తే అది క్రమంగా ఉబ్బే ముప్పు ఉంది కాబట్టే ముందుగా మందం, వంపు కొలుస్తారు. చెక్కిన చోట పైపొర తనంతట తానే మందమెక్కి, పోయిన పవర్ కొంత తిరిగి రావడమూ కద్దు. చిన్న రంధ్రం నుంచి కణజాలపు పలుచని బిళ్లను బయటికి తీసే స్మైల్ పద్ధతిలో కోత తగ్గినా మానే నియమాలు అవే.

ఆకాశంలోనే ముగింపు

సోవియట్ యూనియన్ చివరి రోజుల్లో ఫ్యోదొరోవ్ రాజకీయాల్లోకి అడుగుపెట్టారు. 1989లో పీపుల్స్ డిప్యూటీగా, 1995లో రష్యా దిగువసభ సభ్యుడిగా ఎన్నికయ్యారు. శ్రామికులే తమ సంస్థలకు యజమానులు కావాలన్నది ఆయన పార్టీ నినాదం. 1996 అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేస్తే ఒక శాతం ఓట్లు కూడా దక్కలేదు. ఆసుపత్రిలో ఫలించిన సూత్రాన్ని దేశం స్వీకరించలేదు.

బాల్యంలో చేజారిన ఆకాశాన్ని మాత్రం ఆయన వదల్లేదు. సంస్థ శాఖల మధ్య ప్రయాణాలకు హెలికాప్టర్ ఏర్పాటు చేసుకున్నారు. 2000 జూన్ 2న తంబోవ్ నగరం నుంచి తిరిగి వస్తుండగా మాస్కో శివార్లలో అది కూలిపోయింది. అందులోని నలుగురూ మరణించారు. ఫ్యోదొరోవ్ వయసు అప్పటికి 72 ఏళ్లు.

మాస్కోలోని ఆయన సంస్థ నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. రేడియల్ కెరటాటమీని మాత్రం లేజర్ దాదాపు పూర్తిగా తెరమరుగు చేసింది. అయినా దాని అధ్యాయం ముగియలేదు. 1980లలో ఆ కోతలు పెట్టించుకున్న యువతీయువకులు ఇప్పుడు శుక్లాల వయసుకు చేరారు. చదునైన కార్నియాకు మామూలు సూత్రాలతో లెక్కగడితే అమర్చవలసిన కటకం పవర్ తప్పుతుంది. శస్త్రచికిత్స తర్వాత పాత కోతలు తిరిగి వాచి వారాల పాటు చూపు ఊగిసలాడుతుంది. అందుకే కత్తితో గానీ లేజర్‌తో గానీ గతంలో కార్నియాకు చికిత్స చేయించుకున్నవారు ఆ సంగతిని వైద్యుడికి ముందే చెప్పాలి, పాత కొలతల కాగితాలుంటే భద్రపరచుకోవాలి. ఫ్యోదొరోవ్ కత్తి తాకిన కళ్లు ఆ కోతకు ఇంకా స్పందిస్తూనే ఉన్నాయి.